రాగి టోపీ తుపాకులు

(స్వర్ణోత్సవ సభల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

 

నెల కిందట మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నీకు బాగా తెలిసిన విషయం మీద ఒక అరగంట మాట్లాడరా" అన్నాడు. నాకు బాగా తెలిసినవి రెండే. ఒకటి నీటి పంపుల డిజైను, ముప్ఫై ఏళ్లు నాకు అన్నం పెట్టింది. దాని గురించి మొదలుపెడితే మీరు భోజనాల గంట కొట్టకముందే లేచిపోతారు. రెండోది పాత తుపాకులు. "తుపాకుల గురించా! స్టేజీ మీద గురువుగార్లు ఉంటారురా" అన్నాడు. వద్దనలేదు గానీ, కరపత్రంలో మాత్రం "ప్రాచీన వస్తు సేకరణ" అని వేయించాడు. ఆ శీర్షిక చూసి రాగి నాణేల గురించి వినడానికి వచ్చినవాళ్లుంటే క్షమించాలి. రాగి మాత్రం ఉంది.

మనందరం దీపావళికి కేపుల తుపాకీ కాల్చినవాళ్లమే. బిళ్ల కేపు ఒక్కొక్కటిగా పెట్టి కాల్చేది ఒక రకం, ఎర్ర కాగితం రీలు చుట్టి పెట్టేది ఇంకో రకం. రీలు తుపాకీ ఉన్నవాడు ఆ వారం రోజులూ వీధికి రాజు. మీట నొక్కితే గుర్రం వచ్చి కేపు మీద పడుతుంది, టప్ మంటుంది. నిప్పు లేదు, అగ్గిపుల్ల లేదు, వత్తి లేదు. దెబ్బకే మండే మందు. నేను సేకరించే తుపాకులన్నీ ఈ సూత్రం మీద పనిచేసేవే. ఇంగ్లీషులో వీటిని పెర్కషన్ రైఫిళ్లంటారు.

ఈ చిన్న సంగతి ఎందుకంత పెద్దదో తెలియాలంటే దానికి ముందు ఏముండేదో చూడాలి. తుపాకీ గొట్టంలో మూతి వైపు నుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టిస్తారు. ఇక ఆ లోపలి మందుకి బయటి నుంచి నిప్పు అందించాలి. మొదట్లో మండుతున్న తాడు వత్తితో అందించేవారు. తర్వాత చెకుముకి రాయి వచ్చింది. గుర్రం కోరల్లో రాయి ముక్క బిగించి, అది ఉక్కు రేకుకి రాసుకుని రవ్వలు రాలితే, బయట చిన్న పళ్లెంలో ఉన్న మందు అంటుకుని, పక్కనున్న సన్న బెజ్జంలోంచి ఆ మంట లోపలికి పోయేది. దాదాపు రెండు వందల ఏళ్లు ప్రపంచంలో చాలా యుద్ధాలు ఈ పద్ధతిలోనే జరిగాయి. వాన పడితే పళ్లెంలో మందు తడిసేది. గాలి వీస్తే ఎగిరిపోయేది. పైగా మీట నొక్కాక గుండు బయటికి రావడానికి లిప్తపాటు ఆలస్యం.

ఆ లిప్తపాటు ఆలస్యం మీద కోపం వచ్చినవాడు సైనికుడు కాదు, చర్చి ఫాదరు. స్కాట్లండులో అబర్దీన్ దగ్గర బెల్‌హెల్వీ అనే పల్లెలో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే పాదిరీ ఉండేవాడు. ఆయనకి సముద్రపు ఒడ్డున బాతుల వేట సరదా. పళ్లెంలో మందు భగ్గుమనగానే ఆ వెలుగు చూసి బాతులు మునిగిపోయేవి. గుండు వెళ్లేసరికి అక్కడ నీళ్లే ఉండేవి. దెబ్బ తగలగానే పేలే రసాయనాల గురించి ఆ రోజుల్లో పరిశోధనలు జరుగుతున్నాయి. ఎడ్వర్డ్ హోవార్డ్ అనే ఆయన 1800లో పాదరసంతో చేసిన అలాంటి పదార్థాన్ని వర్ణించాడు. ఫోర్సైత్ అలాంటి మందుని పళ్లెం బదులు వాడితే ఏమవుతుందని ఆలోచించి, అత్తరు బుడ్డి ఆకారంలో ఉన్న ఒక చిన్న యంత్రం చేశాడు. 1806లో లండన్ టవర్‌లో కూర్చోబెట్టి దాని మీద పనిచేయించారు. ఆయుధాల శాఖకి కొత్త అధిపతి రాగానే, నీ సామాను సర్దుకుని వెళ్లమన్నారు. ప్రభుత్వాల పద్ధతి ఎక్కడైనా ఒకటే. ఆయన 1807 ఏప్రిల్ 11న పేటెంటు తీసుకుని సొంతంగా దుకాణం పెట్టించాడు.

అత్తరు బుడ్డి తుపాకీ అందంగా ఉంటుంది గానీ సిపాయి చేతికి పనికొచ్చేది కాదు. అసలు మలుపు రాగి టోపీ. చిటికెన వేలి గోరంత రాగి గిన్నె, దాని అడుగున చిటికెడు మందు. గొట్టం వెనక భాగంలో బోలుగా ఉన్న చిన్న ఉక్కు మొన ఉంటుంది, నిపుల్ అంటారు. దాని మీద ఈ టోపీ పెట్టి గుర్రంతో కొడితే మంట నేరుగా లోపలికి పోతుంది. ఇది నేను కనిపెట్టానంటే నేను కనిపెట్టానని అరడజను మంది తగువులాడుకున్నారు. అమెరికాలో 1822లో పేటెంటు తీసుకున్నవాడు జాషువా షా. ఇంగ్లండు నుంచి వలస వచ్చిన చిత్రకారుడు, ప్రకృతి దృశ్యాలు గీసేవాడు.

రీలు తుపాకీ కథ కూడా చెప్పేస్తాను. వాషింగ్టన్‌లో ఎడ్వర్డ్ మేనార్డ్ అనే పళ్ల డాక్టరు ఉండేవాడు. ఒక్కో టోపీ వేళ్లతో పెట్టడం దేనికి, కాగితం రీలులో మందు బిళ్లలు అతికిస్తే గుర్రం ఎత్తినప్పుడల్లా ఒకటి ముందుకి జరుగుతుంది కదా అన్నాడు. అచ్చం మన దీపావళి రీలే. 1845లో పేటెంటు. పదేళ్ల తర్వాత అమెరికా సైన్యం దాన్ని 1855 మోడల్ రైఫిల్లో పెట్టింది. అప్పుడు యుద్ధ శాఖ చూస్తున్న మంత్రి జెఫర్సన్ డేవిస్, తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాలకు అధ్యక్షుడైనవాడు. ఆ రీలు తడి తగిలితే మెత్తబడి తుస్సుమనేది. ముసురు పట్టిన దీపావళికి మనకి జరిగిందే వాళ్లకీ జరిగింది. 1861 మోడల్‌లో రీలు తీసేసి మళ్లీ మామూలు టోపీకే వచ్చారు. 1855 మోడల్ నా దగ్గర ఒకటుంది. రీలు పెట్టే చిన్న తలుపు తెరిచి చూపించగానే మన తెలుగువాళ్లెవరైనా నవ్వేస్తారు. అమెరికన్లు ఆ నవ్వెందుకో అర్థంకాక చూస్తారు.

ఈ రాగి టోపీ కాలం ఎంతో కాదు. 1820ల్లో మొదలై, 1870 వచ్చేసరికి వెనక నుంచి ఇత్తడి తూటా పెట్టే తుపాకులు దీన్ని తోసేశాయి. ఇంచుమించు యాభై ఏళ్లు, మన సంఘం వయసు. ఆ యాభై ఏళ్లలోనే మెక్సికో యుద్ధం, క్రిమియా యుద్ధం, మన 1857, అమెరికా అంతర్యుద్ధం అన్నీ జరిగాయి. చేతిపని పోయి యంత్రం వచ్చింది కూడా ఆ యాభై ఏళ్లలోనే. నాకు ఈ కాలం మీద మోజు కలగడానికి కారణం ఇదే. 1830ల నాటి తుపాకీ ఒక మనిషి చేసినది. 1860ల నాటి తుపాకీ ఒక ఫ్యాక్టరీ చేసినది. రెండూ పక్కపక్కన గోడకి ఆనించి చూడొచ్చు.

నేనుండేది పెన్సిల్వేనియాలో. అక్కడ లాంకాస్టర్ చుట్టుపక్కల జర్మనీ నుంచి వచ్చిన కమ్మరులు పద్ధెనిమిదో శతాబ్దం నుంచి పొడుగాటి రైఫిళ్లు చేసేవారు. గీరలు గీరలుగా మెరిసే మేపుల్ చెక్క, మడమ పక్కన ఇత్తడి మూతతో చిన్న అర. చాలావాటిని చెకుముకి తుపాకులుగానే చేశారు, తర్వాత ఏ ఊరి కమ్మరో టోపీ తుపాకీగా మార్చి ఇచ్చాడు. పాత కుట్టు మిషనుకి మోటారు బిగించుకున్నట్టు. ఈ మార్పు చేసినవంటే కొందరు కలెక్టర్లకి చిన్నచూపు. అందుకని మోసగాళ్లు వాటిని మళ్లీ వెనక్కి చెకుముకికి మార్చి, "అసలుది" అని ఎక్కువ ధరకి అమ్ముతారు. నాకు మాత్రం మార్చినవే ఇష్టం. ఒక రైతు తాత చేయించినదాన్ని మనవడు వాడుకున్నాడని అది చెప్తుంది.

పడమటి దిక్కున సెయింట్ లూయిస్‌లో జేకబ్, శామ్యూల్ హాకెన్ అనే అన్నదమ్ములు చేసిన పొట్టి బరువు రైఫిళ్లు ఇంకో తెగ. కొండల్లో బీవరు తోళ్ల వేటగాళ్లు వాడేవారు. జేకబ్ 1849లో కలరాతో పోయాడు. 1972లో వచ్చిన 'జెరెమియా జాన్సన్' సినిమాలో హీరో చేతిలో హాకెన్ కనిపించాక దానికి పట్టిన గిరాకీ అంతా ఇంతా కాదు. గిరాకీతో పాటే దొంగ ముద్రలూ వచ్చాయి. అందుకే నేను హాకెన్ జోలికి పోలేదు. డబ్బు సంగతి సరే, దాని మీద పేరు చూసి కొనాలి. నాకు పేరు చూసి కొనడం ఇష్టం ఉండదు, తుపాకీ చూసి కొనాలి.

తుపాకీ చూడడం అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ హాబీలో ముప్పాతిక భాగం అదే. చేతికి తీసుకోగానే మొదట చూసేది మరలు. పాత మర తలలో గాడి సన్నగా, కాస్త వంకరగా ఉంటుంది. అది నలిగి చెదిరి ఉంటే ఎవడో తెలివితక్కువవాడు లోపలికి వెళ్లాడన్నమాట. తర్వాత చెక్కా ఇనుమూ కలిసే చోటు. మొదటి నుంచీ కలిసి బతికినవైతే చెక్క కొద్దిగా కుంచించుకుపోయినా అంచు అంచుకీ సరిపోతుంది. మధ్యలో వచ్చి చేరినదైతే గోరు పట్టేంత సందు ఉంటుంది. తర్వాత నిపుల్ చుట్టూ చూస్తాను. టోపీ మందు పేలినప్పుడల్లా చిమ్మే పొగ ఇనుముని తినేస్తుంది, అక్కడ మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. బాగా వాడిన గొట్టానికి ఆ మచ్చలు ఉండి తీరాలి. గొట్టం అరిగి, నిపుల్ చుట్టూ మాత్రం అద్దంలా ఉంటే అనుమానించాలి. ఆ తర్వాతే పేర్లు, ముద్రలు, సంవత్సరాలు చూస్తాను. కొత్తగా దిగినవాళ్లు వాటినే ముందు చదువుతారు.

ఇంకొకటి. పాత ఇనుము మీద పట్టిన గోధుమరంగు పొరని తోమేయకూడదు. మన ఇళ్లలో పండగొస్తే ఇత్తడి బిందెలు చింతపండు పెట్టి తోముతాం చూడండి, ఆ ఉత్సాహం ఇక్కడ పనికిరాదు. మెరిసే తుపాకీకి విలువ సగం పోతుంది. పలచగా నూనె రాసి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

ఇక్కడ చిన్న పక్కదారి. పాత వేట తుపాకుల గొట్టాల మీద నీటి అలల్లాంటి గీతలుంటాయి. వాటిని "డమాస్కస్" అంటారు. అది విన్నప్పుడల్లా మన నిజామాబాదు జిల్లా కోనసముద్రం గుర్తొస్తుంది. అక్కడి మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. డమాస్కస్ కత్తులని పేరు పడిన కత్తులకి అలాంటి ఉక్కే వాడారు. కానీ తుపాకీ గొట్టం డమాస్కస్ వేరు. ఇనుప పట్టీలూ ఉక్కు పట్టీలూ కలిపి మెలిపెట్టి, కాల్చి అతికినది. పేరొకటే, పని వేరు. ఒక పెద్దమనిషితో ఈ విషయం మీద గంటసేపు వాదించాను. ఆయన ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న తుపాకీ దగ్గరికి వస్తాను.

1857 అనగానే మనకి మన సాంఘిక శాస్త్రం మాస్టారు చెప్పిన కొవ్వు పూసిన తూటాలు గుర్తొస్తాయి. ఆ తూటాలు ఏ తుపాకీవో పాఠంలో ఒక్క మాటలో ఉండేది, ఎన్‌ఫీల్డ్ అని. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్. గొట్టం పొడవు 39 అంగుళాలు, లోపలి వ్యాసం 0.577 అంగుళం, గొట్టాన్ని చెక్కకి కట్టి ఉంచే మూడు ఇనుప కడియాలు. గొట్టం లోపల మెల్లగా మెలి తిరిగే మూడు గాడులు. ఆ గాడులే దాని ప్రాణం. గుండు వాటిలో ఒరుసుకుంటూ బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తుంది కాబట్టి సూటిగా దూరం పోతుంది. గాడులు లేని మస్కెట్టుతో వంద గజాల మీద మనిషిని కొట్టడం అదృష్టం. ఎన్‌ఫీల్డ్‌తో మూడు వందల గజాల మీద అది నేర్పు.

ఇలా దట్టించేవారు. కాగితం పొట్లంలో మందూ గుండూ కలిసి ఉంటాయి. పొట్లం పంటితో కొరికి, మందు గొట్టంలో పోసి, కొవ్వు పూసిన వైపు గుండుని దించి కడ్డీతో దట్టించాలి. గాడుల్లో జారడానికే ఆ కొవ్వు. అది ఆవు కొవ్వా పంది కొవ్వా అన్న మాట 1857 జనవరిలో కలకత్తా దగ్గర డమ్‌డమ్ శిక్షణ కేంద్రంలో పుట్టింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే. మిగతాది మీకు తెలుసు.

ఆ తర్వాత ఏం జరిగిందో మన పాఠంలో లేదు. తిరుగుబాటు అణిచాక ఇంగ్లీషువాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. దేశీ సిపాయి చేతికి తెల్ల సిపాయి తుపాకీతో సమానమైన తుపాకీ ఇవ్వకూడదని. అందుకని ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లనే తీసుకుని, గొట్టం లోపల గాడులు పోయేదాకా బోరు కొట్టారు. 0.577 ఉన్న వ్యాసం 0.65 అంగుళం దాటింది. గురి చూసే పలక తీసేసి దాని చోట కదలని ఇనుప ముక్క అతికారు. దూరం కొలిచి గురి చూసే అవసరం ఇక లేదు కదా. లోహం పలచబడి గొట్టాలు వంగడం, ఉబ్బడం మొదలయ్యాయి. తర్వాతి ఏడాది నమూనాకి గొట్టం మందంగా చేశారు, గాడులు మాత్రం లేవు.

దీని గురించి పుస్తకాల్లో చదివి పదేళ్లు వెతికాను. చివరికి ఒక వేలంలో "ఎన్‌ఫీల్డ్, అరిగిపోయిన గొట్టం" అని రాసిపెట్టినది కనిపించింది. గురి పలక ఉండాల్సిన చోట చిన్న దిమ్మ. మూతిలో చిన్న లైటు వేసి చూశాను. నున్నగా ఉంది. అరుగుదల కాదు, అరుగుదలైతే ఎక్కడో ఒకచోట గాడి ఆనవాలు మిగులుతుంది. ఇది కావాలని చేసిన పని. బయటి నుంచి చూస్తే అదే తుపాకీ. అదే చెక్క, అవే మూడు కడియాలు, తాళం పలక మీద అదే కిరీటం. చేత్తో పట్టుకున్న సిపాయికి బరువులో కూడా పెద్ద తేడా తెలియదు. మైదానంలో కాల్చినప్పుడు తెలుస్తుంది.

ఉత్తరాదిన కంపెనీ సిపాయిని ఏమనేవారో తెలుసా? తిలంగా అనేవారు. మొదట్లో కంపెనీ దక్షిణాదిన, మన తెలుగు ప్రాంతం నుంచి కూడా సిపాయిలను చేర్చుకుని బెంగాలుకి తీసుకుపోయింది. ఆ పేరు అక్కడ అతుక్కుపోయింది. 1857 నాటికి అక్కడి సైన్యంలో ఉన్నవాళ్లు ఎక్కువమంది అవధ్, బీహార్ వాళ్లే అయినా, ఢిల్లీ జనం వాళ్లని తిలంగాలనే అన్నారు. ఆ తుపాకీ చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ మాట నాకు గుర్తుకొస్తుంది. దానిని పట్టినవాడు తెలుగువాడని నేను అనడం లేదు. ఆ తుపాకీ ఏ పటాలానిదో చెప్పే ముద్ర దాని మీద లేదు. లేనిది చెప్పి ధర పెంచేవాళ్లు ఈ వ్యాపారంలో చాలామంది ఉన్నారు.

మన బడి చదువు నాకు డాలర్లలో ఉపయోగపడిన సందర్భం ఒకటుంది, హిందీ మాస్టారు ఇక్కడ లేరు గానీ వింటే సంతోషించేవారు. నేపాల్ రాణాల ఆయుధాగారం, కాఠ్మండూలోని లగన్ సిలేఖానా, దాంట్లో వేల కొద్దీ పాత తుపాకులు దుమ్ము కొట్టుకుని పడి ఉండేవి. 2003లో వాటిని అమెరికా వ్యాపారులు కొని తీసుకొచ్చారు. వాటిలో బ్రన్స్‌విక్ నమూనా రైఫిళ్లు ఉన్నాయి. అదొక విచిత్రం, గొట్టంలో రెండే గాడులు, గుండుకి నడుం చుట్టూ పట్టీ. ఆ పట్టీ సరిగ్గా గాడుల్లో కూర్చుంటేనే దిగుతుంది. పది సార్లు కాల్చి లోపల మసి పట్టాక దట్టించడం నరకం. ఇంగ్లండువి కొన్ని, నేపాల్లో చూసి చేసినవి కొన్ని. ఒక ప్రదర్శనలో బల్ల మీద అలాంటిది పెట్టి, "గొట్టం మీద తెలియని అలంకారం" అని చీటీ కట్టాడు. అది అలంకారం కాదు, దేవనాగరి అంకెలు. మన తరగతిలో ఆ అంకెలు రాకపోతే ఎన్ని బెత్తం దెబ్బలు పడ్డాయో మా బ్యాచ్ వాళ్లకి తెలుసు. అమ్మే ఆయనకి చదివి చెప్పాను. ఆయన సంతోషించి చీటీ మార్చుకున్నాడు, ధర కూడా పెంచుకున్నాడు. అయినా కొన్నాను.

మొత్తం నా దగ్గర పదకొండు ఉన్నాయి. ఇక మానేశాను. ఎందుకో చెప్తాను.

మా అమ్మాయి అమెరికాలోనే పుట్టి పెరిగింది. అక్కడ బళ్లలో పిల్లలకి ఒక డ్రిల్లు చేయిస్తారు. లైట్లు ఆపి, తలుపు గడియ పెట్టి, గోడ వారన చప్పుడు చేయకుండా కూర్చోవాలి. బడిలోకి తుపాకీ పట్టుకుని ఎవడైనా వస్తే ఏం చేయాలో నేర్పే డ్రిల్లు. మనం బళ్లో చేసిన డ్రిల్లు ప్రార్థనకి వరుసలో నిలబడడం. తను ఏడో ఏట నుంచీ అది చేసింది. నా గదిలోకి ఎప్పుడూ రాదు. ఇవి నూట అరవై ఏళ్ల నాటివి, వీటితో ఇవాళ ఎవరూ ఎవరినీ చంపరు అని నేను చెప్పేవాణ్ణి. ఒకసారి కాలేజీ నుంచి వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడి, "నాన్నా, వీటిలో ప్రతిదీ ఎవరిని చంపిందో నీకు తెలుసా?" అంది.

తెలియదు. గాడులు కొలవగలను, ముద్ర చదవగలను, మర ఎప్పుడు మార్చారో చెప్పగలను. అది మాత్రం తెలియదు. కొన్ని ఎవరినీ చంపి ఉండవు. గెటిస్‌బర్గ్ యుద్ధం తర్వాత మైదానంలో ఏరిన తుపాకుల్లో దాదాపు 24 వేలు దట్టించినవి అలాగే ఉన్నాయట. చాలావాటిలో ఒకదాని మీద ఒకటి రెండేసి గుళ్లు. ఒకదాంట్లో 23. ఆ సిపాయి టోపీ పెట్టడం మర్చిపోయి, పేలిందనుకుని దట్టిస్తూనే పోయాడంటారు. కాల్చడం ఇష్టంలేక దట్టిస్తున్నట్టు నటించాడనేవాళ్లూ ఉన్నారు. అమ్మాయికి ఈ కథ చెప్తే మొట్టమొదటిసారి గదిలోకి వచ్చి ఒక తుపాకీ మూతిలోకి కడ్డీ దించి చూసింది.

ఆ తర్వాత నేను ఒక పని పెట్టుకున్నాను. ఒక్కోదానికీ ఒక్కో నోటు పుస్తకం. ఎవరు చేశారు, ఎప్పుడు, ఏ మార్పు జరిగింది, నా కంటే ముందు ఎవరి దగ్గర ఉంది, ఏది రుజువుంది, ఏది ఊహ. ఊహని పెన్సిలుతోనే రాస్తాను. నా తర్వాత ఇవి ఎవరి చేతికి పోయినా ఆ పుస్తకంతో పాటు పోవాలి. నా ఈడు కలెక్టర్లు పోతుంటే వాళ్ల పిల్లలు ఒక్క వారంలో అన్నీ కట్టగట్టి అమ్మేస్తున్నారు. తుపాకీ మిగులుతుంది, దాని గురించి ఆ మనిషికి తెలిసినదంతా పోతుంది.

ఇప్పుడు కార్యదర్శి అడిగిన మాట. మన బడి మ్యూజియం గదిలో పెట్టడానికి ఆ గాడులు తీసేసిన ఎన్‌ఫీల్డ్ ఇవ్వరాదా అని. సభలోనే సమాధానం చెప్తానన్నాను. ఇవ్వలేను. అమెరికాలో 1968 నాటి చట్టం ప్రకారం 1898 లోపు తయారైనది ప్రాచీన వస్తువు, ఫెడరల్ చట్టానికి అది తుపాకీ లెక్కలోకే రాదు. ఇంగ్లండులో కూడా అదే ఏడాది వచ్చిన చట్టంలో, వింత వస్తువుగానో అలంకారంగానో ఉంచుకునే ప్రాచీన ఆయుధానికి మినహాయింపు ఉంది. మన 1959 ఆయుధాల చట్టంలోనూ మినహాయింపు ఉంది గానీ, అది రిపేరు చేసినా చేయకపోయినా ఎప్పటికీ పేలని స్థితిలో ఉన్నదానికే. నాది చక్కగా ఉంది, పేలుతుంది. గొట్టానికి బెజ్జం వేసి, నిపుల్ వెల్డింగు చేసి తీసుకురావచ్చు కదా అన్నారు. ఇంగ్లీషువాడు ఒకసారి పాడుచేశాడు, రెండోసారి నేను పాడుచేయలేను. దాని ఫోటోలు, కొలతలు, గొట్టం లోపలి చిత్రం, నా నోటు పుస్తకం నకలు ఇస్తాను. ఇవాళ తెచ్చాను కూడా. అసలైన పాత ఆయుధాలు చూపించాలంటే పిల్లల్ని హైదరాబాదు తీసుకెళ్లండి, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. బస్సు ఖర్చు నేను పెట్టుకుంటాను.

చివరగా ఒక ముఖ్యమైన సంగతి. ఏజెన్సీ పక్క నుంచి వచ్చినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు, పాత లోగిళ్ల వాళ్లూ ఉన్నారు. మన దగ్గర ఈ టోపీ తుపాకీ కాలం అయిపోలేదు. నాటు తుపాకీ, బర్మారు అని మనం అనేవి ఇవే, మూతి నుంచి మందు కూరేవి. పంట కాపాడుకోవడానికి మూతి నుంచి కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని మన చట్టంలోనే ఉంది. అవి చేతిలో పేలి మనుషులు పోయారని అప్పుడప్పుడూ పేపర్లో చూస్తూనే ఉంటాం. మీ అటక మీద తాతగారిదని ఒకటి పడి ఉంటే దాన్ని దట్టించి ఉందనే అనుకోండి. నిపుల్ మీద టోపీ లేదు కదా అని ధైర్యపడకండి. లోపల మందు పొడిగా ఉంటే వందేళ్లయినా చెడదు. అమెరికాలో అంతర్యుద్ధం నాటివి ఇప్పటికీ దట్టించినవి దొరుకుతున్నాయి.

మేం చేసే పరీక్ష ఇది. మూతి ముందు మొహం పెట్టకుండా పక్కన నిలబడి, చెక్క పుల్ల అడుగు తగిలేదాకా మెల్లగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టుకోవాలి. పుల్ల బయటికి తీసి, గుర్తుని మూతికి సరిపెట్టి గొట్టం పక్కన ఆనిస్తే, పుల్ల కొస దాదాపు నిపుల్ దాకా రావాలి. రెండు మూడు వేళ్ల ఎడం తక్కువ వచ్చిందంటే లోపల ఏదో ఉంది. ఇది ఎలా తెలుసుకుంటారో మీకు తెలియడానికి చెప్తున్నాను, ఇంట్లో పిల్లలతో చేసి చూడమని కాదు. అటక మీద తుపాకీ కనిపిస్తే కదపకండి, గుర్రం ఎత్తకండి, పొయ్యి దగ్గరికి తేకండి, పాత ఇనుము వాడికి వేయకండి. ఆ గొట్టం కొలిమిలో పెట్టేది వాడు. లైసెన్సు కాగితం ఉందో లేదో చూసుకుని, తెలిసిన వకీలుని అడిగి, పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. దాచుకోవడం నేరం, భయపడి చెరువులో పారేయడం కూడా మంచిది కాదు.

అలా చెప్పేముందు ఒక్క ఫోటో తీసి నాకు పంపండి. తాళం పలక స్పష్టంగా కనపడేట్టు, పక్కన స్కేలు పెట్టి. తోమొద్దు. ఏ కాలందో, ఎక్కడ చేసిందో నాకు తెలిసినంత రాసి పంపుతాను, తెలియనిది పెన్సిలుతో.

ఇంకా పది నిమిషాలున్నట్టున్నాయి. ప్రశ్నలుంటే అడగండి. ఫోటోలు ఆ బల్ల మీద ఉన్నాయి, ముట్టుకోవచ్చు.